ఆ పిల్ల గొంతు

డ్రయ్యర్‌లోంచి తీసిన దుప్పటి ఇంకా వేడిగానే ఉంది. ఆమె రెండు మూలలు పట్టుకుంది. ఎదురుగా అక్క మిగతా రెండూ అందుకుంది. ఒక విదిలింపు, ఒక లాగుడు, సగానికి మడత, మళ్లీ మడత. ఆ తర్వాత ఇద్దరూ చేతులు చాచి ఎదురెదురుగా నడిచి, ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరికి వస్తారు. అక్క తన మూలలు ఆమె చేతిలో పెట్టి వెనక్కి వెళుతుంది. ఆసుపత్రి నేలమాళిగలో, బట్టలుతికే గదిలో ఏళ్ల తరబడి ఇద్దరి బతుకూ ఇలాగే కలుస్తూ విడిపోతూ గడిచింది. అక్క తోడబుట్టిందేం కాదు. ఆమె పనిలో చేరిన మొదటిరోజు ఏడుస్తుంటే దగ్గరికొచ్చి ముక్కు తుడిచింది. అంతే, అక్క అయిపోయింది.

ఈ రోజుతో అక్క పని మానేస్తోంది. కుడిచెవి ఎప్పుడో పోయింది. ఈ మిషన్ల హోరులోనే ఉంటే ఎడమది కూడా దక్కదని పై అంతస్తులో చెవుల డాక్టరు తేల్చి చెప్పాడు. ఇప్పటికే సన్నటి చప్పుళ్లు వినబడకుండా పోవడం మొదలైందన్నాడు. సాయంత్రం అక్క బస్సెక్కి చెల్లెలి ఊరికి వెళ్లిపోతుంది. ఆలోగా ఆమె ఒక పాట వెతికి పట్టుకోవాలి.

ఆమె ఫోను కిటికీ గూట్లో, స్టీలు గిన్నెలో పడుకుని పాడుతోంది. గిన్నెలో పెడితే దాని గొంతు పెరుగుతుందని కనిపెట్టింది అక్కే. ఒకరోజు ఏదో పాట పెడితే, అది అయిపోయాక ఫోను దానంతటదే ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి అందుకుంటూ తెలియని దేశాలకి పోయింది. భాష అర్థం కాదు, తెరమీద అక్షరాలు చదవరావు. కానీ ఆ దరువుకి దుప్పటి భలే కుదిరింది. ఇక ఇద్దరూ వదల్లేదు. ఎక్స్‌రే గదాయన దుప్పట్ల కోసం దిగినప్పుడు విని, సోల్, ఫంక్, హిప్‌హాప్ అని వీటికి పేర్లున్నాయని చెప్పాడు. ఇది బ్రెజిల్‌ది, ఇది సెనెగల్‌ది, ఇది కొరియాది అని ఫోను చూసి చదివాడు కూడా.

"ఏ ఊరైతేనేం బాబూ, తాళం తప్పడం లేదుగా," అంది అక్క.

పాడేవాళ్లకి వీళ్లు పెట్టుకున్న పేర్లు వేరే. దగ్గుతో మొదలుపెట్టేవాడు దగ్గుతాత. ఊపిరి తీసుకోకుండా వాదించేవాడు వకీలు. బాకాలు ఊదించుకుంటూ వచ్చే లావుపాటాయన పెళ్లికొడుకు. ఈ పెళ్లికొడుకు వల్ల ఒకసారి కొంప మునిగింది. దుప్పటి మడిస్తే వార్డు ముద్ర పైకి కనిపించాలి. ఆయన ఊపులో పడి, తోపుడుబండి నిండా దుప్పట్లు ముద్ర లోపలికి పెట్టి మడిచేశారు. పిల్లల వార్డు దుప్పట్లు మగవాళ్ల వార్డుకెక్కాయి. రాత్రంతా మోకాళ్లు కప్పుకుంటే గుండె బయట, గుండె కప్పుకుంటే మోకాళ్లు బయట. సూపర్‌వైజరు చీవాట్లు పెడుతుంటే ఇద్దరూ తలలు దించుకుని నవ్వాపుకున్నారు.

ఆమె వెతుకుతున్నది ఒక పిల్ల పాట. అది మాత్రం ఒక్కసారే వినిపించింది. ఎవరో, ఏ దేశమో తెలియదు. కింద డ్రమ్ములు నింపాదిగా నడుస్తుంటే సన్నటి గొంతు పైకి, ఇంకా పైకి పోయింది. అక్క దుప్పటి మూలలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఈ పిల్ల నా ఏడుపు ఏడుస్తోందే," అంది.

మొగుడు పోయిన మూడోనాడే కళ్లు తుడుచుకుని పనిలోకి వచ్చిన మనిషి, ఆ రోజు కళ్లు తుడుచుకోలేదు. ఇంతలో సూపర్‌వైజరు ఫోను చేశాడు, పాట పోయింది. మళ్లీ దొరకలేదు.

పొద్దుట్నుంచి ఆమె అప్పుడు మొట్టమొదట పెట్టిన పాట దగ్గర్నుంచే ఫోనుని వదిలి చూస్తోంది. వకీలు వచ్చాడు, దగ్గుతాత వచ్చాడు, కొత్తవాళ్లు ఎందరో వచ్చారు. మధ్యాహ్నం టీ తాగుతుండగా ఆ డ్రమ్ములు మొదలయ్యాయి. ఆమె గ్లాసు కింద పెట్టేసి, అక్కని చెయ్యి పట్టి లాక్కొచ్చి ఎడమచెవిని గిన్నెకి ఆనించింది.

అక్క కళ్లు మూసుకుని విన్నది. కుడికాలు తాళం వేసింది. కాసేపటికి తల అడ్డంగా ఊపింది.

"వాయింపు బాగుంది గానీ, ఇది కాదే. ఆ పిల్ల గొంతేదీ?"

ఆ క్షణాన గిన్నెలో ఆ పిల్ల గొంతెత్తి పాడుతూనే ఉంది. డాక్టరు చెప్పిన సన్నటి చప్పుళ్లు ఏవో ఆమెకి అప్పుడు తెలిసింది.

"అవునక్కా, ఇది కాదు," అంది. "వెధవ ఫోను, నోటికొచ్చింది పాడుతోంది."

మళ్లీ పనిలో పడ్డారు. చివరి బండి, చివరి దుప్పటి. విదిలింపు, లాగుడు, మడత. ఇద్దరూ ఎదురెదురుగా నడిచారు. ఆమెది బొంగురు గొంతు. చిన్నప్పుడు బడిలో పాట పాడాల్సి వస్తే పంతులమ్మ, నువ్వు పెదాలాడించు చాలమ్మా అంది. అప్పట్నుంచీ పెదాలే ఆడించింది. కన్నకొడుకుని జోకొట్టేటప్పుడు కూడా చేత్తో తట్టిందే తప్ప నోరు విప్పలేదు. ఇప్పుడు అక్క మొహం దగ్గరికి రాగానే, ఆ ఎడమచెవి పక్కకి వంగి పాడింది. మాటలు రావు, ఊ, ఆ తప్ప. ఆ పిల్ల మేడంత ఎత్తున పాడిన పాటని ఆమె బొంగురు గొంతుతో నేలమాళిగంత కిందికి దించి పాడింది.

అక్క మూలలు వదలడం మరిచిపోయింది.

"ఇదే! ఇదేనే! ఇంతసేపూ నీ దగ్గర పెట్టుకుని నన్ను ఏడిపిస్తున్నావా?"

"ఇప్పుడే దొరికిందక్కా."

అక్క మడతపెట్టిన దుప్పటిని బరబరా విప్పేసి, తన మూలలు తాను పట్టుకుని వెనక్కి నడిచి నిలబడింది.

"ఊఁ, మళ్లీ పట్టు."

ఆ ఒక్క దుప్పటినీ ఎన్నిసార్లు మడిచారో లెక్కలేదు. దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఆమె పాడింది. ప్రతిసారీ కిందటిసారి కంటే కొంచెం గట్టిగా పాడింది.

బస్సు వేళయింది. అక్క మొహం కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, ముద్ర పైకి పెట్టు, మర్చిపోకు అని చెప్పి మెట్లెక్కింది. మలుపు దగ్గర వెనక్కి తిరగలేదు. ఆమె పిలిచింది గానీ అది కుడిచెవి వైపు. ఆమె మళ్లీ పిలవలేదు. మిషన్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చి, తలుపు మూయబోతూ కిందికి చూసింది.

తడినేల మీద వేసుకునే అక్క రబ్బరు చెప్పులు గుమ్మం పక్కన ఉన్నాయి. ఎడమది బాగానే ఉంది. పాటలకి తాళం వేసీ వేసీ కుడిదాని మడమ అరిగి, కింద నేల కనిపిస్తోంది.