ఎడమ చేత్తో పోసిన టీ

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడి దగ్గర అమ్ముడుపోయే సరుకు ఒక్కటే, చేయి. నాది జపాన్‌లో ఓ చిన్న క్లబ్బుకు నాలుగేళ్లు పనికొచ్చింది. మోచేయి పాడయ్యాక అదే క్లబ్బు నన్ను తిరిగి మా రంగూన్ పంపి, మంచి చేతులు ఎంచి చెప్పమంది. అప్పటి నుంచి నా బతుకు తెరువు ఇదే.

ఆ ఆదివారం మా తెలుగువాళ్ల చర్చి అయ్యాక జోనాథన్, సూరి అనే పందొమ్మిదేళ్ల కుర్రాణ్ణి తాకేటా పేట మైదానానికి తీసుకొచ్చాడు. జోనాథన్ ఆరేళ్ల కిందట నేను జపాన్ పంపినవాడే. ఒక్క సీజను ఆడి, మోచేతిలో నరం తెగి తిరిగొచ్చాడు. ఇప్పుడు చొక్కా గుండీలు కూడా ఎడమ చేత్తోనే పెట్టుకుంటాడు. అయినా నా మీద కోపం లేదు. తప్పంతా తనదే, చేతిని సరిగా చూసుకోలేదు అనుకుంటాడు.

సూరి ముప్పై బంతులు విసిరాడు. ఒక్కటీ పక్కకు పోలేదు.

"ఏటి విలియమన్నా, నాకన్నా స్పీడు కదా?" అన్నాడు జోనాథన్.

"స్పీడే. పొగరు మాత్రం నీకన్నా తక్కువ," అన్నాను.

నవ్వుకుంటూ టీకొట్టుకు వెళ్లాం. బల్ల మీద ఎప్పటిలా గ్రీన్ టీ ఫ్లాస్కు ఉంది. నా అసలు పరీక్ష అక్కడే. మైదానంలో అందరూ నొప్పి దాచుకుంటారు, ఫ్లాస్కు దగ్గర దాచడం మరిచిపోతారు. కుడిచేత్తో విసిరే సూరి, ఎడమ చేత్తో ఫ్లాస్కు ఎత్తి నా కప్పులో పోశాడు.

"ఒరే, పెద్దోళ్లకి ఎడం సేత్తోటా పోత్తావు? మీ యమ్మ నీకేటి నేర్పిందిరా?" అని జోనాథన్ వెక్కిరించాడు.

సూరి గతుక్కుమని చేయి మార్చాడు. ఫ్లాస్కు బరువు కుడిచేయి ఆపలేక టీ బల్ల మీద ఒలికింది.

ఆరేళ్ల కిందట జోనాథన్ కూడా నాకు ఎడమ చేత్తోనే పోశాడు. ఆ ఏడు ఎవరినీ పంపకపోతే నా ఉద్యోగం పోయేది. చూసి కూడా ఆ టీ తాగేశాను.

ఇప్పుడు ఊరుకుంటే సూరి చేయి పోతుంది. చెబితే జోనాథన్‌కు అంతా తెలిసిపోతుంది. ఎటు మొగ్గాలో తెలిసి కూడా, కప్పు ఖాళీ అయ్యేదాకా ఆగాను.

"సూరీ, ఆ మోచెయ్యి ఎన్నాళ్లుగా నొప్పెడతంది?"

"నొప్పేటీ నేదండి," అన్నాడు తల వంచుకుని.

"ముందు డాక్టరుకి సూపించు. ఈ ఏడు నిన్ను పంపను."

"అదేటన్నా? నీకెలా తెలిసింది?" అన్నాడు జోనాథన్.

"ఫ్లాస్కు ఎత్తిన చెయ్యి సూసి."

జోనాథన్ ఫ్లాస్కు వైపు చూశాడు. తర్వాత తన మోచేతి వైపు.

"నాదీ సూసేవా?"

"సూసేను."

ఇన్నేళ్లూ అన్నా అని పిలిచినవాడు లేచి, బర్మా ఆఫీసుల్లో పరాయి పెద్దమనిషిని పేరు ముందు 'ఊ' చేర్చి పిలిచినట్టు, "ఎల్తాం, ఊ విలియం," అన్నాడు. సూరి భుజం మీద చేయి వేసి బస్సు వైపు నడిపించుకుపోయాడు.