గచ్చులో నిచ్చెన

పొద్దున ఎనిమిదయ్యేసరికి ఆ కదల్లేని పిల్లల బడిలో చక్రాల కుర్చీలు ఆరూ కిటికీకి వీపు పెట్టి వరసగా చేరాలి. బ్రేకులు వెయ్యాలి, నడుం బెల్టులు బిగించాలి, వాలిపోయే తలల పక్కన దిండ్లు సర్దాలి. ఈ పని కోసం ఓ కుర్రాడు దేశం కాని దేశానికి, జీతం లేకుండా, తన ఖర్చుతో వచ్చాడు. వస్తూనే గుమ్మానికి తల బాదుకోవడంతో ఆయా అతనికి నిచ్చెన అని పేరు పెట్టేసింది. అసలు పేరు అడిగే తీరిక ఎవరికీ దొరకలేదు.

మొదటిరోజు అతను ఒక పిల్లాడికి షేక్‌హ్యాండ్ ఇవ్వబోయాడు. ఆ పిల్లాడి చేతులు లేవవు. నిచ్చెన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది, మొహం కందగడ్డయింది, బూట్లు మెల్లిగా గచ్చులోకి దిగిపోయాయి, పిండిలోకి వేలు దిగినట్టు.

ఆయా అతని చుట్టూ తడిగుడ్డ తిప్పి తుడిచేసింది. "ఇక్కడి గచ్చు అంతే బాబూ. సిగ్గుపడ్డవాణ్ణి లోపలికి లాక్కుంటుంది. మధ్యాహ్నానికి వదిలేస్తుందిలే. పోయినేడు వచ్చినాయన నడుందాకా దిగాడు. భోజనం అక్కడికే పట్టుకెళ్ళి పెట్టాం."

ఆ తర్వాత నిచ్చెన మళ్ళీ దిగలేదు. దిగడానికి సిగ్గుండాలిగా! రోజూ పిన్నికి ఫోన్ చేసి, "పిల్లలు నన్ను ఒక్క క్షణం వదలట్లేదు పిన్నీ," అనేవాడు. "నీది వెన్నలాంటి మనసురా నా తండ్రీ," అని పిన్ని పొంగిపోయేది. ఒక కుర్చీ చక్రంలో అతని బూటు లేసు చిక్కుకుని ఎంతకీ వదల్లేదు, అంతవరకూ నిజమే.

అతనికి అప్పగించిన అసలు పని ఓ ఎనిమిదేళ్ళ పిల్ల. మాట లేదు, చేతులు సాగవు, కళ్ళు మాత్రం తిరుగుతాయి. కుర్చీలో ఆ దర్జా చూసి ఆయా రాణిగారు అనేది. ఎదురు గోడకి ప్లాస్టిక్ కవరు తొడిగిన బొమ్మల పలక వేలాడుతుంటుంది: నీళ్ళు, ఆకలి, నొప్పి, కావాలి, వద్దు. నిచ్చెన దాని పక్కన నిలబడి, "ఏం కావాలమ్మా? కళ్ళతో చూపించు," అని అడగాలి. పిల్ల ఏ బొమ్మ చూసిందో పుస్తకంలో రాయాలి. రాణిగారు కళ్ళు చికిలించి మొహం పక్కకి తిప్పేసేది. 'స్పందన లేదు' అని రాసేవాడు. తర్వాత ఓ పాట పాడేవాడు. దానికీ స్పందన లేదు.

పదహారో రోజు అతను రాణిగారి బెల్టు బిగిస్తుంటే పెద్ద టీచర్ ఓ కాగితంతో వచ్చింది.

"రాణిగారి బట్టలు సర్దు ఆయా. సోమవారం నుంచి పక్క బిల్డింగు. పడక గది."

పడక గదిలో పాఠాలుండవు, పలక ఉండదు. మంచాలుంటాయి, తినిపించేవాళ్ళుంటారు. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ తరగతికి తిరిగిరాలేదు.

"ఎందుకు టీచర్?" అన్నాడు నిచ్చెన.

"ఏమీ అర్థం కావట్లేదుగా, పాపం. నీ పుస్తకం చూసే సంతకం పెట్టాను. పదిహేను రోజులూ ఎంత శ్రద్ధగా రాశావు నాన్నా!"

శ్రద్ధ! అందులో మూడు రోజులు అతను పలక దగ్గరికే వెళ్ళలేదు. ఫోన్ చూసుకుంటూ, నిన్నటి ముక్కనే కింద మళ్ళీ దించేశాడు. ఆ "నాన్నా" చెవిన పడగానే పాదాలు పోయాయి, పిక్కలు పోయాయి, మోకాళ్ళు పోయాయి. తొడలదాకా దిగి, సరిగ్గా రాణిగారి కళ్ళ ఎత్తులో ఆగాడు.

పెద్ద టీచర్ మొహం చూడలేక ఎదురు గోడకేసి చూశాడు. బొమ్మలు లేవు. పలక ఉన్నచోట తెల్లటి మంట. వెనక కిటికీలోంచి వచ్చే వెలుగు ప్లాస్టిక్ మీద పడి కళ్ళలో పొడుస్తోంది. అతని కళ్ళూ చికిలించుకుపోయాయి, మొహం దానంతటదే పక్కకి తిరిగిపోయింది.

"ఆయమ్మా, ఆ పలక తీసి ఇటివ్వు!"

పలక కాస్త వంచి పట్టుకున్నాడు. బొమ్మలు తేలాయి.

"నీళ్ళు కావాలా?"

రాణిగారి చూపు 'వద్దు' మీద వాలింది.

"తినడానికేమైనా?"

చూపు 'కావాలి' మీదికి దూకింది.

"పోనీ, పాట పాడనా?"

చూపు ఎంత జోరుగా వెనక్కొచ్చిందంటే, 'వద్దు' బొమ్మకి చిల్లు పడుతుందేమో అనిపించింది.

"పదిహేను రోజులుగా మేమంతా లోలోపల అదే అనుకుంటున్నాం," అంది ఆయా.

పెద్ద టీచర్ నమ్మలేదు. "నాకు రోజూ బాగానే కనిపిస్తాయే ఆ బొమ్మలు!"

"నిలబడితే కనిపిస్తాయి టీచర్. నాకూ కనిపించేవి." మిగతాది చెప్పకపోతే ఎవరికీ తెలీదు. "ఇంకోటి... మూడు రోజులు నేనసలు అడగనేలేదు. ఊరికే రాసేశాను."

ఛాతీదాకా దిగిపోయాడు. ఇప్పుడు రాణిగారే అతన్ని కిందికి చూడాల్సొచ్చింది.

పెద్ద టీచర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాగితం మడుస్తూ ఆయానడిగింది. "ఈ పలక ఇదే మేకుకి ఎన్నాళ్ళ నుంచి వేలాడుతోంది?"

"నేను చేరకముందు నుంచీ. మేకు మీరే దగ్గరుండి కొట్టించారటగా."

పెద్ద టీచర్ బూట్లు గచ్చులోకి దిగాయి. కీళ్ళనొప్పులతో ఏళ్ళ తరబడి ఎవరి ముందూ వంగని మనిషి, నిలువునా, మెల్లిగా దిగుతూ రాణిగారి కళ్ళ ముందుకొచ్చి ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చాలాసేపు చూసుకున్నారు.

"ఆయా," అంది చివరికి, "ముందు కిటికీకి దుప్పటి కట్టు. తర్వాత పడక గదిలో వాళ్ళని తీసుకురా."

"ఎవర్ని?"

"అందర్నీ."

వాళ్ళు తొమ్మిదిమంది. పరిగెత్తి సాయం చేద్దామంటే నిచ్చెనకి కాళ్ళు లేవు. చేతులు మాత్రం బయటే ఉన్నాయి. మొదటి కుర్చీ లోపలికి రాగానే పలక పైకెత్తి వంచి పట్టుకున్నాడు. ఏమీ అడక్కుండా, ఆ కళ్ళు ఎటు తిరుగుతాయో చూస్తూ ఉండిపోయాడు.