వీరబాబు ఓటు

చట్టం ప్రకారం వీరబాబు చచ్చిపోవడానికి ఏడేళ్ళు పట్టాలి. గోదావరి సముద్రంలో కలిసే చోట, ఆ గాలివాన పూట, పాపం అతనికి ఏడు నిమిషాలైనా పట్టిందో లేదో! చేపల వేటకు పడవలో ఇద్దరు వెళ్ళారు. మూడో రోజున లూయిస్ శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది, అతని భార్య స్టెల్లాకు పది రోజుల్లో డెత్ సర్టిఫికెట్టు ఇచ్చేశారు. వీరబాబు శవం మాత్రం దొరకలేదు. శవం లేదు కనక చావు లేదన్నారు ఆఫీసులో. ఏడేళ్ళపాటు అతని కబురు ఎవరికీ తెలియకుండా ఉంటే అప్పుడు కోర్టుకు వెళ్ళమన్నారు.

దరియాలతిప్ప పెద్దలకు అంత ఓపిక ఎక్కడిది? నెల తిరక్కుండానే దర్భలతో బొమ్మ చేసి, దానికి వీరబాబు అని పేరు పెట్టి కాల్చేశారు. పదకొండో రోజున అతని భార్య బుల్లెమ్మ గాజులు పగలగొట్టి, పుస్తెలు తీయించారు. ముప్ఫై మూడేళ్ళ మనిషి, పదేళ్ళ కూతురు సాయిదివ్య చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చింది. ఊరికి విధవ, సర్కారుకు పునిస్త్రీ. రేషను కార్డులోనూ వీరబాబు ఉన్నాడు, ఓటర్ల జాబితాలోనూ ఉన్నాడు. వితంతు పింఛను అడిగితే గుమాస్తా నవ్వాడు. "మీ ఆయన బతికే ఉన్నాడు కదమ్మా, నీకు పింఛనెందుకు?" అన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే బుల్లెమ్మకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

మెట్టకూరు వైపు రొయ్యల చెరువుల మీద కూలికి పోయింది. అక్కడ కాపలా ఉండే దుర్గాప్రసాద్ సరిహద్దు అవతల ఆంధ్రా వైపు పల్లెటూరి నుంచి వచ్చినవాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. నోట్లో నాలుక లేని మనిషి. రెండేళ్ళపాటు ఆమెకు టీ గ్లాసు అందించడం తప్ప ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడి ఎరగడు. మూడో ఏడు ఉన్నట్టుండి, "మనం పెళ్ళి చేసుకుందామా?" అని అడిగేశాడు. బుల్లెమ్మకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. అతని తల్లి కామాక్షమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది.

"ఆళ్ళాయన పోయినట్టు కాయితం తెమ్మనరా. రేపెవడూ దాన్ని నువ్వుంచుకున్నదని అనకూడదు. నాకు కోడలు కావాలి."

ఆ మాటలో న్యాయం ఉందనే అనిపించింది బుల్లెమ్మకు. కాగితం కోసం ప్లీడరు దగ్గరికి పోతే, ఆయన విడాకుల దారి చూపించాడు. వదిలేసి పోయాడని రాస్తే పని తొందరగా అవుతుందన్నాడు.

"గంగలో కలిసిపోయినోణ్ణి వదిలేసి పోయాడంటానా? నా వల్ల కాదండి," అని లేచి వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే ఎలక్షన్లొచ్చాయి. పేటలో చక్రం తిప్పే శ్రీనివాసరావు ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మీ ఆయన ఓటు మురిగిపోతంది బుల్లెమ్మా. ఎవరి సేతైనా మాకేయించు. గెలిచామా, వారం తిరిగేసరికి డెత్ సర్టిఫికెట్టు నీ సేతిలో పెడతాను."

చచ్చినవాడి చేత ఓటు వేయిస్తే, వాడు చచ్చాడని కాగితం ఇస్తాడట! వినేవాళ్ళకు నవ్వు రావచ్చు గానీ, ఆశపడ్డ మనిషికి అవన్నీ తోస్తాయా? బుల్లెమ్మ ఆ రాత్రికి రాత్రే దుర్గాప్రసాద్‌ను బతిమాలింది. కరోనా రోజులు, మొహాలకు మాస్కులు. వీరబాబు కార్డు పట్టుకుని అతను లైన్లో నిలబడ్డాడు. లోపల కూర్చున్న ఏజెంట్లు కిక్కురుమనలేదు. వేలికి సిరా పడింది, పుస్తకంలో సంతకం పడింది. గెలిచినవాళ్ళతో ఊరేగిన శ్రీనివాసరావు, ఆ తర్వాత బుల్లెమ్మ ఇంటి వైపు తొంగి చూస్తే ఒట్టు.

ఇక చేసేదేముంది, ఇద్దరూ ఏడేళ్ళు నిండేదాకా కాచుకున్నారు. నిండాక దావా వేశారు. వాయిదా రోజున కోర్టు వరండాలో జనం పోగయ్యారు. పొద్దుపోక ఎవరో, "ఉన్న చట్టాల్లో ఒక్కటి మార్చమంటే ఏది మారుస్తారు?" అని మొదలుపెట్టారు. వేట నిషేధం తీసెయ్యాలన్నాడు ఒకాయన, నిషేధం నాళ్ళలో పొట్టకు కూడా సెలవిస్తారా అని దబాయించాడు. ఇంకొకాయన భూముల చట్టం అన్నాడు.

"ఏడేళ్ళది మార్చాలండి," అంది బుల్లెమ్మ. "పడవ ముక్కలైపోయి ఒడ్డుకొచ్చింది. పక్కనోడి శవం దొరికింది. ఇంకా ఏం కావాలండి ఆళ్ళకి? ఏడాది సాలదా? ఇంట్లో ఆడది ఏడేళ్ళు ఏం కావాలి?"

లోపలి నుంచి పిలుపొచ్చింది.

బోనులో నిలబడ్డాక మొదట అంతా సాఫీగానే సాగింది. తర్వాత ప్రభుత్వ ప్లీడరు లేచి ఒక కాగితం తీశాడు.

"చనిపోయాడంటున్న ఈ వీరబాబు నాలుగేళ్ళ కిందట ఓటేశాడండి. ఇదిగో జాబితాలో గుర్తు, ఇదిగో సంతకం."

జడ్జిగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. "ఈ ఓటు ఎవరు వేశారమ్మా?"

ఆ ఓటు సంగతే బుల్లెమ్మ మరిచిపోయింది. పోలింగు బూతులో గీసిన గీత కోర్టుదాకా నడిచొస్తుందని ఎవరనుకుంటారు?

"దొంగ ఓటైతే చెప్పమనండి," అన్నాడు ప్రభుత్వ ప్లీడరు. "సంతకం పరీక్షకు పంపిద్దాం. వేసినవాణ్ణి పట్టుకుని కేసు పెట్టిద్దాం."

దొంగ ఓటంటే ప్రసాద్ జైలుకు పోతాడు. కాదంటే వీరబాబు బతుకుతాడు. మూడో మాట లేదు. వెనక బెంచీలో దుర్గాప్రసాద్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, మాట్లాడడానికే లేచాడని ఆమెకు అర్థమైపోయింది.

"దివ్యా వాళ్ళ నాన్నేనండి!" అని అరిచినంత పని చేసింది బుల్లెమ్మ. "ఆయనే వచ్చాడండి. ఓటేశాడు. మళ్ళీ ఎటో ఎల్లిపోయాడు."

"నీ కళ్ళతో చూశావా?"

"ఆయ్, చూశానండి."

జడ్జిగారు రాసుకున్నారు. దావా కొట్టేశారు. ఆ ఓటు రోజు నుంచి ఏడేళ్ళు లెక్క, ఇంకా మూడేళ్ళు ఆగమని ఆమె ప్లీడరు విసుక్కున్నాడు. మెట్ల కింద దుర్గాప్రసాద్ తల వంచుకుని నిలబడ్డాడు.

"నేను ఒప్పేసుకుందును కదా. ఇప్పుడు మా అమ్మకేం చెప్పను?"

"కోడలికి మొగుడున్నాడని చెప్పండి," అంది బుల్లెమ్మ. అతని మొహం చూడలేక ఆటో ఎక్కేసింది.

ఆమె ఆటో దరియాలతిప్ప చేరేలోగానే ఫోన్లలో కబురు చేరిపోయింది. గుమ్మం ముందు పేటంతా ఉంది. వాళ్ళను తోసుకుంటూ దివ్య పరిగెత్తుకొచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల మొహం వెలిగిపోతోంది, కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"అమ్మా, నాన్న బతికున్నాడంటగా? నువ్వే చెప్పావంటగా? వచ్చినప్పుడు నన్నెందుకు పిలవలేదే? నన్ను చూడకుండానే వెళ్ళిపోయాడా?"

చుట్టూ అందరూ చెవులప్పగించి నిలబడ్డారు. బుల్లెమ్మ కూతురి మొహం కొంగుతో తుడిచింది.

"లేదమ్మా, నిన్ను చూసే ఎల్లాడు," అంది. "నువ్వు నిద్దరోతన్నావు."