కాళ్ళెత్తకూడని ఇల్లు

“లోకంలో అందరూ పిల్లల కాళ్ళు పైకెత్తే బట్ట మారుస్తారమ్మాయ్. నువ్వొక్కదానివే వాణ్ణి దిండులా పక్కకి దొర్లిస్తావు,” అంది అత్తగారు, పొడిబట్ట చేత్తో పట్టుకుని.

“ఆస్పత్రిలో దొర్లించమనే చెప్పారత్తయ్యా.”

“ఎప్పుడు చెప్పారు?”

“చెప్పారు కదా.”

“చెప్పారు సరే, ఎప్పుడూ అని అడుగుతున్నా.”

పాలు పొయ్యి మీదికి ఎక్కకముందు మొదలైన వాదం అది. పాలు కాగి దిగాయి గానీ వాదం దిగలేదు. అంతా గుసగుసల్లోనే. పిల్లాడు ఉలిక్కిపడకూడదని ఆ ఇంట్లో తలుపు గడియలకి నూనె పోశారు, గుమ్మం గంట ఊడదీశారు, చివరికి పోట్లాటలు కూడా రహస్యాలు చెప్పుకున్నట్టే సాగుతున్నాయి.

“కాస్త గట్టిగా పోట్లాడుకోండర్రా, నాకు సగం వినపడ్డం లేదు,” అన్నాడు మామగారు కుర్చీలోంచి.

మంచం మీద, రెండు తువ్వాళ్ళ చుట్టల మధ్య, పిల్లాడు గుప్పెడు పడుకుని పైకప్పుకేసి ఏదో ఉపన్యాసం ఇస్తున్నాడు. నెలలు నిండకుండా, మూడు నెలలు ముందే పుట్టాడు. ఆస్పత్రిలో గాజుపెట్టెలో తొలిసారి చూసినప్పుడు “గుప్పెడున్నాడే!” అన్నాడు మామగారు. ఆ పేరే ఉండిపోయింది. ఇప్పుడు ఎత్తుకుంటే చంక నొప్పెడుతుంది, అయినా గుప్పెడే.

కోడలు బట్ట అందుకుని, వాడి నడుం కింద చెయ్యి వేసి మెల్లిగా పక్కకి తిప్పింది. ఆస్పత్రిలో ఆ గాజుపెట్టె పక్కన నర్సమ్మ నేర్పినట్టే. “మనకి తలలోకి నెత్తురు ఎక్కువ వస్తే రక్తనాళాలు వాటంతటవే బిగుస్తాయి, తగ్గితే వదులవుతాయి. వీడికి ఆ విద్య ఇంకా రాలేదమ్మా. కాళ్ళెత్తామంటే వచ్చిన ఒత్తిడంతా నేరుగా తలకే. అక్కడి నాళాలు దారప్పోగుల్లాంటివి, చిట్లిపోతాయి. కాళ్ళెత్తద్దు, తల పక్కకి వాలకుండా తిన్నగా ఉంచు, చప్పుడు చెయ్యద్దు.” ఇదీ ఆవిడ చెప్పింది. ఎంత చేసినా రెండోరోజు స్కానులో తలలో ఎడంవైపు చిన్న నెత్తురు మరక కనబడనే కనబడింది. తర్వాతి స్కానుల్లో అది కరిగిపోయింది. “భయపడక్కర్లేదు. కానీ ఎడంవైపు మెదడు ఆడించేది కుడివైపు ఒంటిని. ఎదిగేకొద్దీ కుడిచెయ్యీ కుడికాలూ ఎలా ఆడిస్తాడో చూస్తూ ఉందాం,” అన్నాడు డాక్టరు.

కుడిచేతి సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. మామగారి కళ్ళజోడు ఆ చేతికి రెండుసార్లు బలైంది. కుడికాలి సంగతే తెలీదు. చెయ్యమన్నవన్నీ చేసేది కోడలు, బోర్లా పడుకోబెట్టడంతో సహా. కానీ మిగతా వేళంతా వాడి కాళ్ళు తువ్వాళ్ళ మధ్యే ఉండేవి. వాటిని విప్పి చూడబోయి, మళ్ళీ సర్దేసేది. చూడకపోతే అంతా బాగానే ఉన్నట్టు. తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం నుంచి పనిలోకి రమ్మని కబుర్ల మీద కబుర్లు వస్తున్నాయి. “వాడి కాళ్ళ సంగతి తేలనివ్వండి,” అన్నదే ఆమె జవాబు.

ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజు. అత్తాకోడళ్ళిద్దరూ గుప్పెణ్ణి ఎత్తుకుని వెళ్ళారు.

పిల్లల కసరత్తులు చూసే ఆవిడ భారీ మనిషి. చెప్పులు విప్పి, “హమ్మయ్యా,” అంటూ చాప మీద చతికిలబడి, గుప్పెణ్ణి ముందు పడుకోబెట్టుకుంది.

“పుట్టాల్సిన రోజు నుంచి లెక్కేస్తే వీడికి ఆరో నెల. పాదాలు పట్టుకుని ఆడుకుంటున్నాడా?”

“లేదండీ,” అంది కోడలు. “మేం కాళ్ళెత్తనివ్వం. తువ్వాళ్ళ చుట్టల మధ్యే పడుకోబెడతాం.”

“ఎత్తనివ్వరా?”

ఇక అత్తగారికి సందు దొరికిందనుకుని కోడలు తల దించుకుంది. అత్తగారు కొంగు సర్దుకుని ముందుకి జరిగింది.

“మా ఇంట్లో ఎత్తమండీ. అందరం దొర్లించే మారుస్తాం,” అంది, ఆ పద్ధతేదో తనే కనిపెట్టినంత ధీమాగా.

కసరత్తులావిడ నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి ఆపుకుంది. “అది పుట్టిన మొదటి నాలుగురోజుల మాటమ్మా! తలలో నెత్తురు ఒత్తిడి సర్దుకునే విద్య వీడు ఎప్పుడో నేర్చేసుకున్నాడు. ఇన్నాళ్ళూ చెయ్యమని ఎవరన్నారు?”

“ఆపమని ఎవరూ అనలేదండీ,” అంది కోడలు.

“అదీ నిజమే. ఇంటికి పంపేటప్పుడు మేమే చెప్పి ఉండాల్సింది. సరే, ఇప్పుడు వీణ్ణి ఎవరూ ముట్టుకోకండి.”

బట్టలన్నీ విప్పేసింది. గుప్పెడు గాలికి ఒళ్ళు జలదరించి, అటూ ఇటూ చూసి, ఊరుకున్నాడు. కాళ్ళు రెండూ చాపకి అతుక్కున్నట్టే ఉన్నాయి. అత్తగారు కోడలి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎడంకాలు లేచింది. గాల్లో తన్ని, పడింది. మళ్ళీ ఎడమే.

అప్పుడు కుడికాలు లేచింది. మోకాలు వంచుకుని, తడబడుతూ, పొట్ట మీదికొచ్చింది. గుప్పెడు ఆ వేళ్ళని కొత్త చుట్టాన్ని చూసినట్టు చూశాడు. చెయ్యి చాచాడు, అందలేదు. రెండోసారి అందింది. బొటనవేలు తిన్నగా నోట్లోకి పోయింది.

“నీ కాలు నువ్వే తింటున్నావట్రా సన్నాసీ!” అంది అత్తగారు. ఇన్ని నెలల్లో ఆవిడ అంత గట్టిగా మాట్లాడ్డం అదే మొదటిసారి.

కసరత్తులావిడ రెండు కాళ్ళూ వంచి, చాపి, పాదాల కింద గీకి చూసింది. “రెండూ ఒక్కలాగే ఉన్నాయి. నడకా మాటా వచ్చేదాకా చూపిస్తూ ఉండండి, అది తప్పదు. ఇవాళ్టికి మాత్రం నాకు ఏ లోపమూ కనబడలేదు. ఆ తువ్వాళ్ళు తీసేసి ఒళ్ళు తుడుచుకోండి.”

కోడలు ఏడవలేదు. ఆకలేస్తోందంది. ఆస్పత్రి బయట బెంచీ మీద ఇద్దరూ చెరో రెండు అరటిపళ్ళు తిన్నారు.

సాయంత్రం బస్సు డ్యూటీ దిగి కోడలి మొగుడు వచ్చేసరికి ఇల్లు సంతలా ఉంది. అత్తగారు మనవడి కాళ్ళు పట్టుకుని సైకిలు తొక్కిస్తోంది. “నెమ్మది, వాడివి కాళ్ళే, కవ్వం కాదు,” అంటున్నాడు మామగారు. “నాకు చెప్పొచ్చారు, మీ కొడుకుని పెంచింది ఎవరు?” అంటోంది అత్తగారు. విషయమంతా విని మొగుడు కొడుకు పాదాలు రెండూ మొహానికి ఆనించుకున్నాడు.

భోజనాలకి కూర్చున్నారు. కోడలు అందరికీ వడ్డించి, తనూ కంచం పెట్టుకుంది.

“సోమవారం నుంచి దుకాణానికి వెళ్తున్నాను,” అంది, కంచంలోంచి తలెత్తకుండానే. “పగలంతా వాడు మీ దగ్గరే. ఎలా మారుస్తారో, ఎలా ఎత్తుకుంటారో, నన్నడక్కండి.”