కళ్ళు గీసే రోజు పోట్లాట

శిల్పిగారికి కోపం రాదు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. బౌద్ధ మఠాలకు ఉగ్రమూర్తులను చెయ్యడం ఆయన పని మరి! కోరలు, పుర్రెల మాల, మండే జుట్టు, ఇవన్నీ చేతికి వచ్చిన విద్య. కళ్ళు అలా కాదు. ధర్మాన్ని కాపాడే దేవుడి కోపం శత్రువు మీద కసి కాదు. బండి కింద పడబోయే బిడ్డను లాగి వీపు మీద ఒక్కటిచ్చే తల్లి కోపం. గీసేవాడి కడుపులో అది రగలకపోతే బొమ్మ కళ్ళల్లోకి రాదు. ఈయనేమో దోమను కూడా బతిమాలి పంపించే రకం.

అందుకని కళ్ళు గీసే రోజు పొద్దున్నే భార్య పనిగట్టుకుని పోట్లాట పెట్టుకునేది. అబ్బో, ఏం నోరు! ఆయన వంశం, గురక, బట్టతల, దేన్నీ వదిలేది కాదు. ఆయన ముక్కుపుటాలు అదరగానే చేతిలో కుంచె పెట్టి తలుపు వేసేది. పని ముగించి వంటింటి గుమ్మంలోకి వస్తే, టీ గ్లాసు అందిస్తూ, “కోపం దిగిందా?” అని నవ్వేది.

ఆమె పోయి రెండు నెలలైంది. ఆమె ఉండగా మొదలుపెట్టిన మహాకాలుడి బొమ్మ ఇంకా కళ్ళు లేకుండానే నిలబడి ఉంది. మర్నాడు మఠం వాళ్ళు వస్తారు. ఈయన కుంచె ఎత్తితే ఏడుపే వస్తోంది.

కూతురు పోట్లాటకు దిగింది. గురకంది, బట్టతలంది. వాళ్ళమ్మ మాటలు వాళ్ళమ్మ గొంతుతోనే వినబడేసరికి ఆయన మరింత కుమిలిపోయాడు. ఇక దాచడం ఆ పిల్ల వల్ల కాలేదు.

“అమ్మకి ముందునుంచే గుండెనొప్పి ఉంది నాన్నా. తెలిస్తే నువ్వు బెంగపెట్టుకుంటావని, నీ చెయ్యి ఆడదని, బొమ్మ అయ్యేదాకా చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది.”

ఆయన మొహం పాలిపోయింది. తర్వాత కందగడ్డయింది.

“బొమ్మ పోతే పోయేది కదే! నిన్ను ఆస్పత్రికి ఎత్తుకుపోయేవాణ్ణి కదే!” అని ఇల్లదిరేలా అరిచాడు, అక్కడ లేని మనిషి మీద. ఆ ఊపులోనే కుంచె అందుకున్నాడు. మూడు కళ్ళూ తెరుచుకున్నాయి. అలాంటి కళ్ళు ఆయన జన్మలో గియ్యలేదు.

ఆయన ఎప్పటిలాగే కుంచె కడిగాడు, చేతులు తుడుచుకున్నాడు, వంటింటి గుమ్మం దాకా వెళ్ళి తల వంచుకుని నిలబడ్డాడు.

“దిగిందే,” అన్నాడు.

పొయ్యి ఇంకా ఎవరూ వెలిగించలేదు.