రెండు తాళ్ళు

సముద్రంలో చేపలు పట్టే అలివి వలకు రెండు మోకుతాళ్ళుంటాయి. ఒకదాన్ని ఒక జట్టు, రెండోదాన్ని ఇంకో జట్టు పట్టి ఒడ్డుకు లాగాలి. నిజాంపట్నంలో కోటిలింగం, అతని తమ్ముడు ముత్యాలరావు పదేళ్ళుగా అలాగే లాగుతున్నారు. అన్న మంచి చేపలు నొక్కేస్తున్నాడని ఈ ఏడు ముత్యాలరావుకు అనుమానం పుట్టింది. వలను సగానికి కోసి వేరుపడదామన్నాడు. కోటిలింగం "నీ ఇష్టం" అని మొహం తిప్పుకున్నాడు.

నైలాను ఇంకా రాని రోజులవి. తన సగానికి రెండో మోకు కోసం ముత్యాలరావు, బావమరిది గురునాథాన్ని వెంటబెట్టుకుని రేపల్లె బస్సెక్కాడు.

తాళ్ళకొట్టు కాలేషా సాయిబు చదువుకుంటున్న ఖురానును మూసి, కళ్ళకద్దుకుని, పై అరలో పెట్టి లేచాడు.

"ఎన్ని బారలు?"

"నలభై. సగం వలకేనండి. వేరుపడుతున్నాం."

సాయిబు మోకు కొలవసాగాడు. ముత్యాలరావు పై అర వంక చూపిస్తూ కదిలించాడు.

"మీ గ్రంథంలో మా తాళ్ళ ఊసుంటుందాండీ?"

"ఉంది అబ్బాయ్. దేవుడి తాడు అందరూ కలిసి పట్టుకోండి, చీలిపోకండి అంటుంది ఒకచోట. అది పీచుతాడు కాదులే, దేవుడి మాటే తాడని మా పెద్దలంటారు. ఇంకోటి శిక్షగా ఒకావిడ మెడలో పడే తాడు. కట్టెలు మోసిందావిడ."

"కట్టెలు మోస్తే తప్పేంటండీ? మా ఇంటిది పోలమ్మ రోజూ మోస్తుంది!"

"పొయ్యిలోకి కాదు. మనిషికీ మనిషికీ మధ్య మంటపెట్టే చాడీలే ఆ కట్టెలని కొందరు చెబుతారు."

"ఓహో, పుల్లలు పెట్టడమన్నమాట!" గురునాథం పకపకా నవ్వాడు.

ముత్యాలరావు నవ్వలేదు. "అన్నయ్య వంజరం చేపలు దాస్తున్నాడన్నావు. నువ్వు చూశావా?"

"నేను చూళ్ళేదు బావా. అనుకుంటున్నారు."

"ఎవరు?"

గురునాథానికి చూరు కింది తాళ్ళచుట్టలు ఉన్నట్టుండి ముద్దొచ్చాయి. వాటినే చూస్తూ నిలబడ్డాడు.

నలభయ్యో బార దగ్గర సాయిబు కత్తి ఆనించాడు. "కొయ్యనా?"

"ఆగండాగండి! చుట్ట మొత్తం ఇవ్వండి."

చుట్ట గురునాథం నెత్తికెక్కింది.

"మెడ పడిపోతోంది బావా!"

"మొయ్యి బావమరిదీ. కట్టెలకన్నా తేలికే."

మర్నాడు ఒడ్డున కోటిలింగం ఆ చుట్టను చూసి, "సగం వలకి ఇంత మోకేంటిరా?" అన్నాడు.

ముత్యాలరావు చుట్ట కట్టు విప్పాడు. "నీ వైపు మోకు పీలికలైంది గదన్నయ్యా. ముందు దానికి కడదాం."

"మరి వల?"

"వలకేం, బానే ఉంది."

 కోటిలింగం వంగి, చుట్టలో ఒక కొస వెతికి పట్టుకున్నాడు.