గోడకు పదకొండు బొక్కలు

అద్దకం బట్టల వ్యాపారి వైకుంఠం లాభనష్టాలు బేరీజు వేసుకోనిదే తుమ్మేవాడు కూడా కాదు. అలాంటివాడు 1955 జూన్‌లో ఒక గురువారం, పాతబస్తీలో మూసీ గట్టున తన దుకాణం ముందు ఏ లెక్కా తోచక నిలబడిపోయాడు.

దుకాణం వెనకే నది గోడ. రెండు వానలు పడేసరికి అది నది వైపు బానపొట్టలా ఉబ్బింది. వరదొచ్చినా, భూమి కదిలినా నిలబడేలా గోడలన్నీ గట్టిచేయిస్తున్న ఇంజనీరు అది చూసి, "దుకాణం బరువే తోస్తోంది. సోమవారం కూల్చేస్తాం" అని చెప్పి వెళ్లాడు.

తండ్రి నాటి దుకాణం. భార్య రమాబాయి మూటలు కట్టడం మొదలుపెట్టింది.

ముసలి మేస్త్రీ నసీరుద్దీన్ మాత్రం వైకుంఠాన్ని వెంటబెట్టుకుని నదిలోకి దిగి, గోడను సుత్తెతో తట్టి చూశాడు.

"వైకుంఠం భాయ్, ఈ గోడ మా అబ్బాతోని నేను గూడ కట్టిన. మన్నుల నీళ్లు బయటికి పోనీకి పదకొండు బొక్కలు పెట్టినం. ఒక్కటి గూడ కనిపిస్తలేదు. ఆగిన నీళ్లే గోడను తోస్తున్నయ్. ఎవడు మూసిండో."

గోడ కింద ఆరేసిన బట్టల మీద బురద నీళ్లు కారుతున్నాయని, పోయిన ఏడాది రాళ్లు, సున్నం పెట్టి వైకుంఠమే మూసేశాడు. ఆ తెలివికి నెల రోజులు మురిసిపోయాడు కూడా. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే దుకాణం పోతుంది. పరువైతే మళ్లీ సంపాదించుకోవచ్చు.

"నేనే మూసిన, భాయ్."

నసీరుద్దీన్ తేరిపార చూశాడు. "గింత సాఫ్‌గ మూసినవా? నా కూలీలకు గూడ చాత కాదు. రేపటి నుంచి పనికి రా."

గట్టు మీంచి రమాబాయి నవ్వింది. "తీసుకపో భాయ్, నీకు పుణ్యముంటది."

నసీరుద్దీన్ గడ్డపార తగలగానే మొదటి బొక్క తెరుచుకుని, ఎర్ర నీళ్లు వైకుంఠం తెల్ల ధోతిని ముంచెత్తాయి.

"పైస లేకుంట అద్దకం ముఫత్‌ల అయిపాయె" అన్నాడు నసీరుద్దీన్.

పదకొండు బొక్కలూ మూడు రోజులు పారాయి. సోమవారం ఇంజనీరు వచ్చి కొలిచాడు. గోడ వెనక నీరు దిగిపోయింది, ఉబ్బు పెరగలేదు.

"దుకాణం ఉండనివ్వండి. బొక్కలు మూయకుండా నది వైపు ఆసరా గోడ కడతాం. మీ బట్టలారేసే చోటు మాత్రం పోతుంది."

"తీస్కోండి సాబ్" అన్నాడు వైకుంఠం వెంటనే. బేరమాడని మొగుడికి జ్వరమొచ్చిందేమోనని రమాబాయి నుదురు తాకి చూసింది.

ఆషాఢంలో కుండపోత వాన పడిన రోజు, బేరం మధ్యలో గిరాకీని వదిలేసి వైకుంఠం గొడుగుతో గోడ దగ్గరికి పరుగెత్తాడు. ఒక్కో ధారా వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదకొండు. మళ్లీ లెక్కపెట్టాడు. తడిసి ముద్దయి తిరిగొచ్చి, గిరాకీ అడక్కుండానే జానెడు బట్ట కొసరు వేసి కత్తిరించాడు.